తెలిసే అప్రూవ్ నొక్కాను

కొన్నేళ్లుగా ఒక మాట నా గొంతు దగ్గరే ఆగి ఉంది. రోజూ డైరీ రాసేదాన్ని, అందులో కూడా రాయలేదు. అది జరిగిన రోజు పేజీలో ఎండ ఎక్కువగా ఉందని రాసి ఊరుకున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఆర్మూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నేను టీమ్ లీడ్‌ని. అప్పట్లో రైతుల దగ్గర పసుపు కొనే అడ్తి దుకాణాలకు యాప్ తయారుచేస్తున్నాం. ఎవరు ఏం రాసినా నేను చదివి అప్రూవ్ నొక్కాకే ముందుకు వెళ్తుంది. తోటివాళ్ల తప్పును బయటివాళ్లకంటే ముందు చూడటమే నా పని.

బాన్సువాడ వైపు నుంచి శ్రావణి వచ్చి చేరింది. నాకంటే చిన్నది. పొద్దున మీటింగ్‌లో చెప్పవలసిన మాటలను నేను ముందే మనసులో పేర్చుకుని వచ్చేదాన్ని. అవి నా నోటికి వచ్చేలోపే ఆమె నవ్వుతూ చెప్పేసేది. ఏళ్లుగా నాతో పనిచేసిన వాళ్లు సందేహాలు ఆమెనే అడగడం మొదలుపెట్టారు. ఆఫీసు నడిపే మా సారు ప్రశ్న నన్ను అడిగి, జవాబు కోసం ఆమె వైపు చూసేవాడు. ఒకరోజు టీ తాగుతూ, లీడ్ ఇస్తే గా పిల్ల మస్తు నడిపిస్తది అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నన్ను గమనించలేదా? గమనించే అన్నాడా? ఏది ఎక్కువ నొప్పో ఇప్పటికీ తేలలేదు.

రేటు లెక్కకట్టే భాగం ఆమెకే ఇచ్చారు. రాసి నాకు పంపింది. చదవగానే కనిపించింది. పసుపు అంతటికీ ఒకటే రేటు పెట్టింది. మాది వేల్పూర్. ఉడకబెట్టి ఆరబోసిన పసుపులోంచి పొడుగాటి కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి గోళ ఒక కుప్ప ఏరుతూ పెరిగాను. ఆ రెంటి ధర ఒకటిగా ఉండటం నేనెన్నడూ చూడలేదు, గోళకు ఎప్పుడూ తక్కువే.

ఆమెకూ అనుమానం వచ్చినట్టుంది. నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"అక్కా, పసుపంటే పసుపే గదా? ఇంకేమన్న రకాలుంటయా? మా దిక్కు వడ్లే గానీ గిది నాకు తెల్వది."

"మంచిగనే రాసినవు" అన్నాను. అప్రూవ్ నొక్కాను.

అబద్ధం చెప్పలేదు కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. రాసిన తీరు నిజంగానే బాగుంది. కానీ ఆమె అడిగిందానికి అది జవాబేనా?

అడ్తిదారులకు యాప్ చూపించిన రోజు, ఒక పెద్దాయన ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "గోళకు గూడ కొమ్ము రేటే ఇయ్యాల్నా బిడ్డా? నా దుకాణం బంద్ వెట్టిస్తవా ఏంది" అన్నాడు. అందరూ నవ్వారు. శ్రావణి కూడా నవ్వబోయి ఆగిపోయింది.

సాయంత్రానికల్లా సరిచేసి పంపాను. సారు అందరి ముందు మెచ్చుకున్నాడు. ఆ సవరణ ముందే రాసి దాచుకున్నానని ఎవరికీ తెలియదు. ఏదో కోపంలో జరిగిపోయిందని నన్ను నేను నమ్మించుకోలేకపోవడానికి కారణం అదే.

ఆ భాగం ఆమె నుంచి తీసేశారు. తర్వాత మీటింగుల్లో ఆమె మాట్లాడటం తగ్గించింది. నాలాగే, చెప్పవలసింది లోపలే పేర్చుకుంటూ కూర్చునేది. ఆ మౌనం నాకు తెలుసు. అయినా చూస్తూ ఉన్నాను. పని మానేసిన రోజు వచ్చి, "నా తప్పుకు నువ్వు అప్రూవ్ నొక్కినవు, నా వల్ల నీ పేరు గూడ ఖరాబైంది, ఏమనుకోకక్కా" అంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. గట్లేం లేదు పో అన్నాను.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు కొమ్మూ గోళా మొదటిరోజే చేతిలో పెట్టి చూపిస్తాను. ఓపికగా నేర్పుతానని పేరొచ్చింది. ఆ పేరు విన్నప్పుడల్లా తల దించుకుంటాను. సిగ్గరినని అనుకుంటారు.

శ్రావణి నంబరు నా ఫోన్‌లో ఉంది. చేస్తానా? చేయనేమో. ఇన్నేళ్లకు ఇంతమాత్రం రాయగలిగాను: ఆమె అడిగింది, నాకు తెలుసు, నేను చెప్పలేదు. గొంతు కొంచెం తేలికైంది. అంతే.