పచ్చ టిక్కుల ఇల్లు

నాకు కోపం తొందరగా వస్తుంది. కంప్యూటర్ తెర నిండా పచ్చ రంగు చూస్తే ఇంకా తొందరగా వస్తుంది.

జగిత్యాలలో నా పని ఇళ్ళకు లెక్కలు కట్టడం. స్తంభం ఎంత లావుండాలి, దూలంలో ఎన్ని రాడ్లు వేయాలి, స్లాబు ఎంత మందం పోయాలి, ఇవన్నీ చెప్పాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు అని బోర్డు మీద రాయించుకున్నాను గానీ అందరూ "ప్లాన్ గీసే మేడం" అనే అంటారు. నేను ప్లాన్ గీయను. వేరేవాళ్ళు గీసింది నిలబడుతుందా లేదా అన్నదే నా పని. దీనికి సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఇంటి బొమ్మ ఎక్కించి, బరువులు చెప్పి, మీట నొక్కితే సరిపోయిన దూలం పచ్చగా, చాలనిది ఎర్రగా వస్తుంది. అన్నీ పచ్చగా వస్తే మావాళ్ళు ప్రింటు తీసి, స్టాంపు గుద్ది, చాయ్‌కి పోతారు. నేను అప్పుడే కుర్చీ దగ్గరికి లాక్కుంటాను. సాఫ్ట్‌వేర్ కొత్త అల్లుడి లెక్క, అడిగినదానికే జవాబిస్తుంది. అడగనిదాని జోలికి పోదు.

మా దిక్కు ఇంజనీర్లకు ఒక అలవాటుంది. కొత్త ఇల్లు వస్తే కొత్త ఫైలు మొదలుపెట్టరు. పాత ఇంటి ఫైలు తెరిచి, పేరు మార్చి దాచుకుని, స్తంభాలు అటూ ఇటూ జరుపుతారు. ఒక మంచి ఫైలు పెరుగు తోడులాగా చేతులు మారుతూ జగిత్యాల నుంచి కోరుట్లకు, కోరుట్ల నుంచి సిరిసిల్లకు పోతుంది. నేర్చుకునే రోజుల్లో నాకూ అది ఉపయోగపడింది, అందుకని తప్పు పట్టను. కానీ తోడుతో పాటు పాత ఇంటి బరువులు కూడా వస్తాయి. అవి చూసి మార్చుకోవాలన్న ఇంగితం ఫైలుతో పాటు రాదు.

ఒక పొద్దున ఆఫీసు తాళం తీయగానే భార్యాభర్తలు వచ్చారు. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి వాళ్ళు. మల్యాలలో ఆమె తమ్ముడి ఇంటికి లెక్కలు కట్టింది నేనే, ఆ గుర్తు పట్టుకుని వచ్చారు. వాళ్ళకు ఎనిమిది సాంచలున్నాయి. సాంచలంటే మరమగ్గాలు, అక్కడ ఎవరూ ఆ పెద్ద పేరు వాడరు. కిరాయి షెడ్డు ఖాళీ చేయమన్నారట. కొత్తగా కట్టుకున్న ఇంటి మీది అంతస్తుకు సాంచలన్నీ ఎక్కించారు.

"గోడకు చిన్న పర్రె వచ్చింది మేడం. ప్లాస్టర్‌దే," అన్నాడతను. "ఈమె ఊకుంట లేదు. మీతోని ఒక మాట అనిపిచ్చుకుంటె అయిపోతదని వచ్చిన."

సంచిలోంచి ఇంటి లెక్కల ప్రింటు తీశాడు. పేజీ పేజీకీ పచ్చ టిక్కులు. ప్రతి పేజీ పైన చిన్న అక్షరాల్లో "కోరుట్ల ఇల్లు" అని ఉంది.

"మీ ఇల్లు తంగళ్ళపల్లిల కదా. ఈ కోరుట్ల ఏంది?" అన్నాను.

"సారుది కోరుట్లేమో అనుకున్న," అన్నాడు.

బరువుల పేజీ చూశాను. మనుషులు, మంచాలు, బీరువా ఉండే ఇంటికి కోడ్ పుస్తకం చెప్పే బరువే అక్కడుంది. కోరుట్లలో ఎవరో సుఖంగా కాపురం చేసుకుంటున్న ఇంటి బరువు అది. దాని మీద వీళ్ళు ఎనిమిది సాంచలు నడుపుతున్నారు. పైన సాంచలు పెట్టుకుంటామని, లెక్కలు కట్టిన ఆ సారుకు చెప్పారట కూడా. పెట్టుకోండి, అన్నీ పచ్చగానే ఉన్నాయి అన్నాడట.

"కింద ఎవరుంటరు?" అని అడిగాను.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆమె చెప్పింది. "మా అత్తమ్మ, అక్కా. ఇప్పుడు ఉంట లేదు. ఇల్లు కదులుతుంది, నేను పండుకోను అని లొల్లి. తల తిరుగుతుందేమోనని దవాఖానకు తీస్కపోతే గోలీలు రాసిచ్చిండ్రు. తగ్గలే. సిరిసిల్లల ఆడిబిడ్డ ఇంటికి పోయింది."

"వయసు మీద పడ్డది మేడం," అన్నాడు కొడుకు. "చిత్తం సక్కగ లేదు. ఇంట్ల మేమందరం ఉన్నం, మాకెవ్వలకూ గట్ల అనిపిస్తలేదు."

అనిపించదు మరి. వీళ్ళు పగలంతా పైన సాంచల మధ్య తిరుగుతుంటారు, రాత్రి సాంచలు ఆపి పడుకుంటారు. కింద మంచం మీద కదలకుండా పడుకుని ఉండేది ఆమె ఒక్కతే. నాకు కోపం వచ్చింది, గోడ పగులు మీద కాదు. తల్లి మాట నమ్మకుండా మందుల చీటీ దాకా పోయినవాళ్ళు నిచ్చెన వేసుకుని ఒకసారి స్లాబు కింద చేయి పెట్టి చూడలేదు. ఆ మాట మొహం మీదే అన్నాను. అతను తల వంచుకున్నాడు. ఆమె మాత్రం నవ్వాపుకుంది.

వారంలోపే వాళ్ళ ఇంటికి పోయాను. సన్నగా పొడుగ్గా ఉన్న స్థలం. పొడుగు వైపు రెండు పక్కలా నిండు గోడలు, వీధి వైపు దుకాణాల కోసం రెండు షట్టర్లు. అంటే ఇల్లు పొడుగు దిక్కున గట్టిది, అడ్డం దిక్కున బోలు. పైన సాంచలన్నీ పక్క గోడలకు మొహం పెట్టి నిలబెట్టారు. సాంచెలో పలక ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. ఎనిమిదీ కలిసి ఇంటిని సరిగ్గా దాని బోలు దిక్కుకే తోస్తున్నాయి.

ఫోన్‌లో ఊపు కొలిచే యాప్ ఒకటుంది, ఉచితంగానే దొరుకుతుంది. ఫోన్‌ను కింద అవ్వ మంచం పక్కన నేల మీద పెట్టి, పైన సాంచలు నడపమన్నాను. గీత లేచి దూకింది. తర్వాత సాంచలన్నీ ఆపించి, ఫోన్ పై అంతస్తులో పెట్టి, ఇంటిని ఊరికే వదిలేసి చూశాను. ఏ ఇంటికైనా తనదైన ఊపు ఒకటుంటుంది. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ పిల్లను సరిగ్గా అప్పుడే తోస్తే ఎట్లా ఎగురుతుందో, అట్లా సాంచె దెబ్బ ఇంటి ఊపుతో కలిసింది. బరువు ఒక తప్పు, ఈ కలవడం ఇంకా పెద్ద తప్పు. ప్రింటులో దీని ఊసే లేదు, ఎవరూ అడగలేదు గనక.

"సాంచలు బంద్ చెయ్యాలె," అన్నాను.

అతని మొహం పాలిపోయింది. "సేటు ఇచ్చిన నూలు వాటి మీదనే ఉన్నది మేడం. బంద్ చేస్తె ఏం తినాలె? తుక్కుకు అమ్ముకోమంటరా?"

"నడిపితె మీ అమ్మ ఇంట్ల ఉండదు. ఇంకొన్నాళ్ళు నడిపితె ఇల్లే ఉండదు. అమ్ముమని నేను అనలే. తొవ్వ చూపిస్త, అందాక ఆపుండ్రి."

తిరిగి వస్తూ సిరిసిల్లలో ఆగాను. కూతురింట్లో అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను ఇంజనీరునని చెప్పి, ఫోన్‌లో గీత చూపించాను. ఇది సాంచలు ఆగినప్పటిది, ఇది నడిచినప్పటిది అని వేలితో చూపించాను. ఆమె ఫోన్ దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసింది.

"గిది ఇల్లేనా బిడ్డా? నా తల గాదా?"

"నీ తల కాదవ్వా. ఇల్లే ఊగుతుంది. నువ్వు చెప్పింది నిజం."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నేను పిచ్చిదాన్నయితున్న అనుకున్న బిడ్డా. చెప్పుడు గూడ బంద్ చేసిన," అంది. ఇన్నేళ్ళ నా లెక్కల్లో ఒక మనిషికి ఇంత అవసరమైన అంకె ఇంకొకటి లేదు. నాకూ కళ్ళు తడిశాయి, దాచుకోలేదు.

మా ఇంజనీర్ల వాట్సాప్ గ్రూపులో అడిగాను, మీది అంతస్తులో సాంచల ఊపు గురించి ఎవరి దగ్గరైనా ఏమైనా ఉందా అని. ఒకరు బొటనవేలు పంపారు. ఒకరు శుభోదయం పువ్వు పంపారు. ఇంకొకరు ఏదో దేశంలో వంతెన ఊగుతున్న వీడియో పంపి నవ్వారు. మెషిన్ల పునాదుల కోడ్ తీశాను, అది నేల మీది మెషిన్ల గురించే ఎక్కువ చెబుతుంది. సిరిసిల్ల దిక్కు ఇళ్ళల్లో మీది అంతస్తు సాంచల గురించి దాన్ని రాసినవాళ్ళకు ఎందుకు తట్టాలి? సరే, పుస్తకం చెప్పినంత తీసుకుని మిగతాది నేనే కడదామని కూర్చున్నాను. కొత్త ఫైలు, ఖాళీది, పేరు తంగళ్ళపల్లి. ఫోన్‌లో కొలిచిన ఊపుతో నా లెక్కలో వచ్చిన ఊపు సరిపోయేదాకా సరిచేశాను. సరిపోయిన రోజు నాకు నేనే చాయ్ పెట్టుకున్నాను. నా పని నాకు వచ్చు. ఆ మాట అనుకోవడానికి నాకు సిగ్గులేదు.

తొవ్వ దొరికింది. సాంచలన్నీ అడ్డంగా తిప్పి వీధి వైపు మొహం పెట్టాలి, అప్పుడు దెబ్బ పొడుగు గోడల మీద పడుతుంది. ఒక షట్టరు మూసి, అక్కడ ఇనుప కమ్మీలు ఏటవాలుగా కత్తెర వేసి బిగించాలి. స్లాబు కింద ఇనుప దూలాలు కట్టాలి, సాంచె కాళ్ళు వాటి మీదకే రావాలి. అట్లా పెడితే ఎనిమిది పట్టవు. ఆరే పడతాయి.

అతను అలిగాడు. దుకాణం కిరాయి పోయె, రెండు సాంచలు పోయె, ఇంకేం మిగిలింది అన్నాడు. సాంచలు తిప్పితే వెలుతురు చాలదు, పోగు తెగితే కనిపించదు అన్నాడు. ఇది మాత్రం నిజమైన అభ్యంతరం. అతని భార్య టేపు పట్టుకుని పైకి పోయింది. సాంచలు నడిపేది ఎక్కువగా ఆమే. నడవా ఎంత ఉండాలో అడుగులేసి చూసుకుంది, లైట్లు ఎక్కడ వేలాడాలో సుద్దతో గీసింది, కిందికి వచ్చి చీర దులుపుకుంది.

"ఆరు సాలు," అంది. "పాతయి రెండు ఎట్లనన్న ఊకూకె మొరాయిస్తున్నయి. అవి పోనియ్యి. అత్తమ్మను తోల్కరావాలె."

అతను ఆమె చేతిలోంచి టేపు తీసుకుని షట్టరు కొలవడానికి పోయాడు.

ఇనుప పనికి కోరుట్ల నుంచి నాకు అలవాటైన వెల్డింగ్ భాయ్‌ని పిలిపించాను. డ్రాయింగ్ ఒకటికి రెండుసార్లు అడిగే మనిషి, అందుకే ఆయనంటే నాకు ఇష్టం. "కోరుట్ల ఫైలు చేసిన ఖరాబు కోరుట్లోడే బాగు చేస్తున్నడు, రాసుకోండ్రి మేడం," అని నవ్వి పనిలోకి దిగాడు. పని అయ్యాక ఆరు సాంచలూ నడిపించి ఫోన్ పెట్టి చూశాను. గీత లేస్తున్నది గానీ దూకడం లేదు. ఊపు నా లెక్క కన్నా కొంచెం తక్కువే వచ్చింది. సంతకం పెట్టాను.

మర్నాడు అవ్వను కూతురు ఆటోలో తీసుకొచ్చింది. నేనూ ఉన్నాను, భాయ్ సామాను సర్దుకుంటున్నాడు. మంచం పాత చోటే వేశారు. ఆమె దాని అంచు గట్టిగా పట్టుకుని, కాళ్ళు నేల మీద ఆనించి కూర్చుంది. పైన కోడలు ఒక్కొక్కటీ సాంచలు మొదలుపెట్టి కిందికి దిగింది. మోత ఇంటి నిండా నిండింది. అందరం ఆమె మొహమే చూస్తున్నాం. నా సంతకం మీద నాకు అనుమానం లేదు. ఫోన్‌లో గీత ఏం చెప్పినా, ఆ ఇంట్లో చివరి మాట ఆమెది.

కాసేపటికి ఒక చేయి వదిలింది. తర్వాత రెండోది. కాళ్ళు మంచం మీదికి తీసుకుని పక్కకు ఒత్తిగిలి పడుకుంది. కొడుకు ఉండబట్టలేక దగ్గరికి పోయి వంగాడు.

"అమ్మా, ఎట్లున్నది? కదులుతుందా?"

ఆమె కళ్ళు తెరవలేదు. "ఊకోరా. నిద్రస్తున్నది."

కోడలు అతని రెక్క పట్టి వెనక్కి లాగింది. భాయ్ చేతిలో రెంచీ చప్పుడు కాకుండా సంచిలో పెట్టాడు. పైన ఆరు సాంచలు ఒక్కటే మోత మోగుతుంటే, మేమందరం మునివేళ్ళ మీద నడుచుకుంటూ బయటికి వచ్చాం.