పనసకాయ తిరిగొచ్చిన దారి

ఏ వస్తువైనా ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేగాని నాకు అన్నం సహించదు. పెళ్లికెళ్లినా ముందు వంటల దగ్గర చేరి ఆరా తీస్తాను. ఆ పిచ్చే ఒకసారి పనికొచ్చింది.

ఉద్దానంలో మా అక్కకి పెరటి నిండా పనసచెట్లు. వాళ్ల అత్తగారు నాటినవి. కాపుకేం లోటు లేదు, చేతికొచ్చేదే లేదు. కాయలు పట్టుకెళ్లే వ్యాపారి ప్రతిసారీ "అంతా కిరాయికే పోతంది, నానేటి సేత్తాను?" అనేవాడు. బావ విసిగిపోయి, ఈ వేసవి దాటాక చెట్లన్నీ కలపకి అమ్మేస్తానని తేల్చేశాడు. అక్క ఆ సాయంత్రమంతా పెరట్లో ఒక్కో చెట్టునీ తడుముతూ తిరిగింది.

ఆ మధ్యే అందరం పక్కూళ్లో పెళ్లికి వెళ్లాం. వంటల దగ్గర కూరకి తెచ్చిన పనసకాయల కుప్ప చూసి అక్క ఆగిపోయింది. కాయ కోయించగానే దిష్టి తగలకుండా సున్నంతో మూడు చుక్కలు పెట్టడం అక్క అలవాటు. అమ్మేసే కాయకి దిష్టేమిటే అని ఎన్నిసార్లు ఏడిపించానో! ఆ కుప్పలో అవే చుక్కలు.

"ఒరే, ఇది మన కాయేరా! ఇక్కడికెలాగొచ్చినాది?"

వంటమేస్త్రిని అడిగితే రాష్ట్రం దాటి బరంపురం మార్కెట్లో కొన్నానన్నాడు. "మీ పెరట్లో పనసలున్నాయని నాకేటి తెల్సు బాబూ?" అన్నాడు.

ఇక నేను ఆగగలనా? తర్వాతి కోతకి కాయలతో పాటు నేనూ ఆటో ఎక్కాను. కంచిలిలో దించి లారీకెక్కించారు, బరంపురంలో మళ్లీ దించారు. దించినచోటల్లా కూలి, ఎక్కించినచోటల్లా కిరాయి, మధ్యలో కమీషను. అక్కడ మా వైపు పెళ్లిళ్లకి సరుకు తెచ్చే వ్యాన్లు కూరగాయలతో పాటు ఆ కాయల్నే వేసుకుని బయల్దేరాయి. వాటిలో సగం అక్క ఇంటి ముందు నుంచే పోతాయి! నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

వంటమేస్త్రికి చెప్పాను, ఆయన తోటి మేస్త్రీలకి చెప్పాడు. వ్యాన్లు అక్క వాకిట్లో ఆగడం మొదలెట్టాయి. మిగిలిన కాయల్ని ఇరుగుపొరుగు వాళ్ల కాయలతో కలిపి, ఊళ్లోనే లారీకెత్తి, మధ్యలో ఎక్కడా దించకుండా బరంపురం పంపించాం. కూలీలూ కిరాయిలూ తగ్గి, అక్క చేతికి డబ్బు రావడం మొదలైంది.

వేసవి చివర కలప వ్యాపారి వచ్చాడు. బావ టీ ఇప్పించి, "సెట్లు అమ్మన్లే మావా, ఎల్లిరా" అని పంపేశాడు. అక్క అతని బండి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది. ఆ తర్వాత అరుగు మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.