ఘాటు రాని మిరపకాయలు

ఈ సంగతి కాగితం మీద పెట్టక తప్పడం లేదు. మా ఇంట్లో చెప్పుకున్న ప్రతిసారీ మిరపకాయలు పెరుగుతున్నాయి. ఇప్పటికి కిలో దాటాయి. నిజానికి అవి పద్నాలుగే.

నేను దయ్యాలనూ దిష్టినీ నమ్మే మనిషిని కాను. చదువు పదో తరగతితో ఆగినా, కొండాపూర్‌లో కంపెనీ క్యాబ్ నడుపుతూ, సెలవు రోజుల్లో గ్రంథాలయంలో కూర్చుని సైన్సు పుస్తకాలు అరలకు అరలు చదివాను. మిరపకాయ కాలితే దగ్గు ఎందుకొస్తుందో ఎవరు అడిగినా చెప్పగలను. ఎవరూ అడగరు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. ఆరోజు బంద్. మా చెల్లెలు సుజాత కూతురు అక్షయ, ఐదేళ్ళది, కొత్తగూడ దగ్గర ఒక ఆసుపత్రిలో ఉంది. అపెండిక్స్ వాచింది, మధ్యాహ్నంలోపు ఆపరేషన్ చేయకపోతే పగులుతుంది అన్నారు డాక్టర్ రవళి. బంద్ వల్ల బావ సొంతూళ్ళో చిక్కుకుపోయాడు. సుజాత సంతకం పెట్టబోతుంటే, ఆమె అత్త ఎల్లమ్మ పెన్ను లాక్కుని కొంగున ముడేసుకుంది.

“దిష్టి తియ్యకుండ పోరిని కోతకు పంపుతరా? ముందుగాల మిరపకాయలు తెండ్రి!”

నేను సైన్సు చెప్పబోయాను.

“ఓ పంతులూ, నీ బుక్కులు ఆడనే పెట్టి రాపో!” అంది.

నర్సు సలోమి కాకినాడ వైపు మనిషి, మెడలో సిలువ. ఆమె నవ్వలేదు, విసుక్కోలేదు. “తప్పకుండా తీయండి మామ్మగారూ. ఇక్కడ ఆక్సిజన్ ఉంది, నిప్పు మాత్రం వద్దండి. పాప దగ్గర తిప్పేసి, కింద ఖాళీ స్థలంలో కాలుద్దాం. ఈలోపు థియేటర్ సిద్ధం చేయిస్తాను” అంది.

దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. చౌరస్తాలో మాత్రం ఉద్యమకారులు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటా వార్పు చేస్తున్నారు. పప్పు కలుపుతున్న మల్లేశ్ అనే కుర్రాణ్ణి మిరపకాయలు అడిగాను. “ఫికర్ జేయకు అన్నా, బొగ్గులు గూడ తీస్కపో” అని గుప్పెడు మిరపకాయలు, ఇనుప మూకుడులో నిప్పులు ఇచ్చాడు.

ఎల్లమ్మ ఏడు కాయలు పాప చుట్టూ తిప్పి, కిందికొచ్చి నిప్పుల్లో వేసింది. సలోమి, వాచ్‌మన్ యాదగిరి, నేను ముక్కులు మూసుకుని నిలబడ్డాం. కాయలు నల్లగా మాడిపోయాయి. ఘాటు లేదు. ముక్కు మీద చెయ్యి తీసి చూశాను. ఏ వాసనా లేదు.

“సూసినవా, వాసన రాలేదంటే ఎంత దిష్టో!” అని ఎల్లమ్మ పైకెళ్ళి పెన్ను ఇచ్చేసింది. సంతకం అయింది. పాపను లోపలికి తీసుకెళ్ళారు.

నా మనసు ఊరుకోలేదు. కాయలు పాతవేమో! అదే గుప్పెట్లోంచి ఇంకో ఏడు, ఎవరి చుట్టూ తిప్పకుండా, అవే నిప్పుల్లో వేశాను. దగ్గలేక చచ్చాను. యాదగిరి కళ్ళు నులుముకుంటూ గేటు వైపు పరుగెత్తాడు. “మళ్ళ టియర్ గ్యాస్ కొట్టిన్రా?”

రెండుసార్లూ గాలి లేదు. రెండుసార్లూ అవే కాయలు. ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాకు జవాబు దొరకలేదు.

సమయానికి ఆపరేషన్ చేసిన డాక్టర్ రవళికి, దారి చూపిన సలోమికి, మిరపకాయలిచ్చిన మల్లేశ్‌కు, నన్ను క్షమించిన యాదగిరికి కృతజ్ఞతలు. ఎల్లమ్మకు కూడా. పాప బయటికొచ్చేదాకా, థియేటర్ ముందు నా చెయ్యి వదలకుండా కూర్చుంది.