పాలాయన బండి స్టార్టు కాని పొద్దు

మా అన్న మోటారు సైకిళ్ళ మెకానిక్కు. పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద రేకుల షెడ్డు ఆయనది, పక్క గదిలో కుట్టు మిషను నాది. మొగుడు పోయాక అన్న దగ్గరికే వచ్చేశాను. ఆయన పెళ్ళే చేసుకోలేదు. కోపం ముక్కు మీదే ఉండేది, అదొక కారణం కావచ్చు. తొంభైలలో కుప్పం నుంచి కూడా ఆయన దగ్గరికి బండ్లు తెచ్చేవాళ్ళు. స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని రోగం చెప్పేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక పిలిస్తే పలకడం మానేశాడు. "చెవిటోని ముందు శంఖం ఊదినట్లుండాది" అని ఎగతాళి చేసేదాన్ని. నిజంగానే వినబడడం లేదని తెలిశాక ఆ మాట నా నోట రాలేదు. ఆయన మాత్రం ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటాడు? చెవులు పోయిన మెకానిక్కు దగ్గరికి బండి ఎవరు తెస్తారు? ఎదుటివాళ్ళ నోటి కేసే చూస్తూ మాట్లాడేవాడు. అది మర్యాద అనుకునేవాళ్ళు జనం.

ఒకసారి అన్న, పెద్దపంజాణి నుంచి వచ్చి ఊళ్ళో పాలు పోసే ఆయన బండికి కొత్త పిస్టను వేశాడు. రింగులు, ఇంజను హెడ్డు కింద గాలి పోకుండా వేసే గాస్కెట్టు కూడా మార్చాడు. తెల్లవారి పాలాయన వచ్చేసరికి బండి స్టార్టు కాలేదు. అన్న ప్లగ్గు ఊడదీసి చూశాడు, కరెంటు బాగానే వస్తోంది. కార్బురేటరు విప్పి ఊదాడు. పాత కాయిలు తగిలించి చూశాడు. చొక్కా తడిసిపోయింది గానీ బండి కదల్లేదు.

"కిక్కు తేలిగ్గా పోతాండాది గదన్నా" అన్నాడు పాలాయన.

"కొత్త రింగులప్పా, అట్లే ఉంటాది."

కిక్కు కొట్టినప్పుడల్లా హెడ్డు దగ్గర సన్నగా సుయ్‌మని గాలి పోతోంది. మిషను దగ్గర కూర్చున్న నాకే వినబడుతుంటే పక్కనున్న పాలాయనకు వినబడదా? ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. గడప గడపకూ తిరిగే మనిషి, ఒక్క మాట జారితే మా షెడ్డు పని అయిపోయినట్టే.

పాలాయన బండి పక్కన గొంతుకూర్చుని, చేయి తడి చేసుకుని హెడ్డు దగ్గర పెట్టాడు. ఇంకోసారి కొట్టమని సైగ చేశాడు. అన్న కొట్టాడు.

"ఈడ చేతికి గాలి తగల్తాండాది. నువ్వే పెట్టి సూడన్నా."

అన్న చేయి పెట్టాడు. ఈసారి పాలాయన కొట్టాడు. గాస్కెట్టు సరిగ్గా కూర్చోలేదు. హెడ్డు విప్పి మళ్ళీ బిగించేసరికి బండి మొదటి కిక్కుకే అందుకుంది. పాలాయన అన్న భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆ మనిషిని తలుచుకుని ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

అన్న చేతులన్నా తుడుచుకోకుండా నా గడప దగ్గరికి వచ్చాడు.

"గాలి పోయేటప్పుడు సౌండు వస్తాండెనా?"

లేదని తల ఊపాను.

"తలకాయ ఊపొద్దు పాపా. నోటితో సెప్పు. సూస్తాండాను."

ఆయన ఒప్పుకోవడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు.

"వస్తాండెన్నా."

"పాలాయనకు ఇనపడిందా?"

"ఇనపడింది."

తిడతాడేమో అనుకున్నాను, తిట్టినా బాగుండేది. సాయంత్రంలోగా షెడ్డులో రిపేరుకు ఉన్న బండ్లన్నీ ఒక్కొక్కటే తోసుకుంటూ పోయి, ఎవరివి వాళ్ళకు అప్పజెప్పి వచ్చాడు. ఇంకొకరికి చూపించుకోండని చెప్పాడట. "యాలన్నా, ఏమైందన్నా" అని వాళ్ళు వెనకనుంచి కేకలేశారట. ఆయన తిరిగి చూడలేదట.