రింగున్న టాలర్

వాల్బుర్గకు ఎదురు చెప్పాలంటే ఆ ఊరి పాదిరిగారు కూడా ముందోసారి గొంతు సవరించుకునేవారు. బవేరియాలో ఇన్ నది ఒడ్డున శనివారం సంతలో తెల్లముల్లంగి అమ్మే మనిషి ఆవిడ. ముల్లంగిని సన్నటి చుట్టలా తరిగి, ఉప్పు చల్లి, "అది కన్నీళ్లు పెట్టుకున్నాకే తినండి" అని చేతిలో పెట్టేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు తలా ఒక కారణం చెప్పింది, ఒక్కటీ నిజం కాదు.

పెళ్లి కాకపోయినా చుట్టుపక్కల ఏ ఇంట నొప్పులు మొదలైనా ముందు కబురు వెళ్లేది ఆవిడకే. ఆవిడ దగ్గర టాలర్ ఉంది మరి. రెండువందల ఏళ్లనాటి బవేరియా వెండి నాణెం. ఒకవైపు రాజుగారు, రెండోవైపు బిడ్డనెత్తుకున్న మేరీమాత. సర్కారు పాత వెండిని కరిగించి కొత్త మార్కు నాణేలు పోసిన రోజుల్లో ఊరంతా టాలర్లు పట్టుకెళ్లి ఇచ్చేసింది. వాల్బుర్గ ముత్తవ్వ మాత్రం దానికి ఒక రింగు అతికించి, మెళ్లో వేసుకుని, "ఇది డబ్బు కాదు, నగ" అంది. అలా బతికిపోయింది ఆ నాణెం. నొప్పులు పడే ఆడమనిషి ఆ రింగులోంచి తాడు దూర్చి మణికట్టుకు కట్టించుకుని, కాన్పు సుఖంగా కావాలని నాణేన్ని గుప్పిట్లో బిగించి పట్టుకునేది. ఎందరి బొటనవేళ్లో రాసి రాసి మేరీమాతకు ముక్కూ మొహమూ లేకుండా పోయాయి.

ఆ వేసవిలో రింగు కదిలింది. తమ్ముడి కూతురు ఆఫ్రాకు నెలలు నిండాయి. వాల్బుర్గ నాణేన్ని నగల కొట్టు కయెటాన్‌కు ఇచ్చి, "రింగు బిగించిపెట్టు" అంది. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. కయెటాన్ ఊళ్లో పాతనాణేల సంఘానికి అధ్యక్షుడు కూడా. ఆదివారం పూట బీరు దుకాణం వెనకగదిలో భూతద్దాలు పట్టుకుని కూర్చునే పెద్దమనుషుల గుంపు అది.

రెండు మూడు రోజులు పోయాక వెళితే కయెటాన్ నల్ల మఖమల్ గుడ్డ మీద నాణెం పెట్టి చూపించాడు. రింగు లేదు. దాన్ని కోసేసి, ఆ చోటు వెండితో పూడ్చి, మచ్చ కూడా కనబడకుండా నున్నగా చేసేశాడు.

"చూశావా, వాల్బుర్గా! నీ దగ్గర ఏమీ తీసుకోను. ఇన్నేళ్లూ రింగు తగిలించి పాడుచేశారు, నేను మళ్లీ దీన్ని నాణెం చేశాను," అన్నాడు మురిసిపోతూ.

వాల్బుర్గకు ఒళ్లు మండిపోయింది. "నేనేం చెయ్యమన్నాను, నువ్వేం చేశావు?"

"నీకు తెలీదులే. రింగున్న నాణేన్ని మా సంఘంలో ఎవడూ ముట్టుకోడు. అది లోపం."

"మీ సంఘాన్ని కనమన్నానా? కనేది నా మేనకోడలు! రింగు అతుకు."

"అతకను. చరిత్ర అది. నా చేత్తో ఆ పాపం చెయ్యలేను. అయినా పిల్లల్ని కనని దానివి, నీకెందుకే ఈ పురుళ్ల గొడవ?"

కొట్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లున్నారు. వాళ్లు తలలు దించుకున్నారు. వాల్బుర్గ దించుకోలేదు.

"నిన్ను కన్నప్పుడు మీ అమ్మ పట్టుకున్నది దీన్నే, కయెటాన్. మా అవ్వే తీసుకెళ్లింది. నీ బుర్ర పెద్దదై చాలాసేపు పట్టిందట. ఈ అరుగుదలలో నీ వాటా కూడా ఉంది," అని నాణెం లాక్కుని బయటికొచ్చేసింది.

ఊళ్లో వెండి పని తెలిసినవాడు ఇంకొకడు లేడు. ఆవిడ తిన్నగా వానగొట్టాలు అతికే లోయ్స్ షెడ్డుకి వెళ్లింది. లోయ్స్ చేతులు తుడుచుకుని నాణెం వంక భయంగా చూశాడు.

"అక్కా, నాది తగరం టంకం. రేకులకీ గొట్టాలకీ వేసేది. దీనికి వేస్తే బెల్లంముక్క అంటుకున్నట్టుంటుంది."

"అందంగా ఉండమని ఎవరడిగారు? ఊడకుండా ఉంటే చాలు."

"కయెటాన్ గారు చూస్తే ఆయన గుండె ఆగిపోతుంది."

"ఆగనీ. నువ్వు మంట వెలిగించు."

రింగైతే నిలబడింది గాని దాని మొదట్లో బఠానీ గింజంత బూడిదరంగు ముద్ద మిగిలింది. వికారంగా ఉందన్న మాట నిజమే. వాల్బుర్గ ఆ రింగు పట్టుకుని బలంకొద్దీ గుంజి చూసింది. ఊడలేదు.

ఆఫ్రాకు నొప్పులొచ్చిన రోజు ఆసుపత్రిలో నర్సు అడ్డొచ్చింది, పురిటిగదిలోకి అలాంటి ఇనుమూ ఇత్తడీ తేకూడదని. "అయితే ముందు మీ కత్తెర్లు బయట పెట్టండి," అని వాల్బుర్గ ఆఫ్రా మణికట్టుకు తాడు కట్టేసింది.

"అత్తా, నేను చచ్చిపోతానేమో."

"నోర్ముయ్. పట్టుకో. నలిపెయ్ దాన్ని. ఈసారి రాజుగారి ముక్కు కూడా అరిగిపోవాలి."

ఆఫ్రా అంత నొప్పిలోనూ నవ్వింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఆఫ్రా గుప్పిలి విప్పితే అరచేతిలో టాలర్ అచ్చు ఎర్రగా పడి ఉంది, రింగుతో సహా.

ఆదివారం వాల్బుర్గ సంతకు వేసుకునే పాత గౌనుతోనే సంఘం గదిలోకి నడిచింది. ఆడవాళ్లు అడుగుపెట్టే ఆనవాయితీ లేని గది అది. తిన్నగా వెళ్లి కయెటాన్ ముందున్న మఖమల్ మీద టాలర్ పెట్టింది. ఆ టంకం ముద్ద చూసి పెద్దమనుషులంతా అయ్యయ్యో అన్నారు. కయెటాన్ మొహం పాలిపోయింది.

"సర్వనాశనం చేశావు కదే! ఇది ఇక దేనికీ పనికిరాదు."

"భూతద్దం పెట్టి సరిగ్గా చూడు," అంది వాల్బుర్గ. "మొన్న నువ్వు చూసినప్పటికంటే ఇంకాస్త అరిగింది."