నికోస్ అంకుల్ పేరు పండుగ

2022లో పెనాంగ్ జార్జ్ టౌన్‌లోని ఒక వృద్ధాశ్రమంలో స్టాఫ్ నర్సుగా ఉన్నాను. మా దగ్గర ఓరియంటేషన్ బోర్డు అని ఒకటుండేది. మతిమరుపు మొదలైన పెద్దవాళ్ల కోసం రోజూ వారం, తేదీ, ఆనాటి విశేషం దాని మీద రాయాలి. రాసేది నేనే.

అక్కడ నికోస్ అనే గ్రీకు పెద్దాయన ఉండేవారు. ఓడల్లో పనిచేసి, పెనాంగ్ అమ్మాయిని పెళ్లాడి ఇక్కడే ఉండిపోయారట. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆయన కోసం ఫోన్‌లో వెతికి, గ్రీకు చరిత్రలో ఆ తేదీన ఏం జరిగిందో, ఎవరు పుట్టారో, ఎవరు పోయారో బోర్డు మీద ఒక మూల రాసేదాన్ని. అక్టోబరు 28న, ఇటలీ బెదిరింపుకి గ్రీసు ‘కాదు’ అన్న రోజని రాస్తే కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు. ఇంత శ్రద్ధ ఇంకెవరికుంటుందిలే అని నాలో నేనే మురిసిపోయాను.

డిసెంబరు ఆరున కూడా ఏవో యుద్ధాలూ ఎవరెవరి పేర్లో రాసి, ఆయన గదికి వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఎదురుగా రెండు ఖాళీ కుర్చీలు, బల్ల మీద డబ్బా నిండా బాదం మిఠాయి. అసలే షుగర్ మనిషి! నాకు ఒళ్లు మండి ఆ డబ్బా పట్టుకుపోయాను. తలుపు బార్లా తెరిచి ఉంటే, ఏసీ చల్లదనమంతా పోతోందని మూసేశాను. కాసేపటికి మళ్లీ తెరిచారు. మళ్లీ మూశాను.

సాయంత్రం షుగర్ చూడటానికి వెళ్తే చొక్కా విప్పేసి, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు.

“పుట్టినవాళ్లని రాశావు, పోయినవాళ్లని రాశావు. ఇవాళ సెయింట్ నికోలస్ రోజమ్మా. నాకు పెట్టింది ఆయన పేరే. నా పేరు పండుగ” అన్నారు.

వాళ్లకి పుట్టినరోజు కన్నా అదే గొప్పట. ఎవరినీ పిలవరట. తలుపు తెరిచి కూర్చుంటే వాళ్లే వస్తారట. వచ్చినవాళ్లకి పండుగ మనిషే తీపి పెట్టాలట. అంటే ఆ మిఠాయి ఆయన తినడానికి కాదు, మాకు పెట్టడానికి. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వంటగదిలో పనిచేసే, మా బాగన్ దాతుక్ ఊరి నూకమ్మక్కే ఆ మిఠాయి తెచ్చిపెట్టిందని అప్పుడు తెలిసింది. జరిగింది చెబితే ఆవిడ నన్ను తేరిపార చూసింది. “దీపావళి ఓపెన్ హౌస్‌కని వచ్చేవోలందరికీ తెరిసిన నీ ఇంటి తలుపు ఎవులైనా మూసేత్తే ఊరుకుంతావేటి?” అంది. తల తీసేసినట్టయింది నాకు.

డబ్బా తీసుకుని, అక్కని వెంటబెట్టుకుని వెళ్లి ఆ కుర్చీల్లో కూర్చున్నాం. ఆయన లేచి ఇద్దరి చేతుల్లోనూ మిఠాయి పెట్టారు. కోపం లేదు. “చెప్పాక వచ్చారు. చెప్పకుండా రావాలమ్మా” అన్నారు.

ఇప్పుడు ఆశ్రమానికి కొత్తగా ఎవరొచ్చినా, మందులకన్నా ముందు మీ పండుగ ఏ రోజని అడుగుతాను. అయినా డిసెంబరు ఆరు వచ్చిందంటే ఆయన గది ముందు నుంచి తల దించుకునే నడుస్తాను.