అమ్మ ఒళ్లోంచి చెరిపేసిన పిల్ల

మొన్న పొద్దున మాచర్ల బస్టాండు దగ్గరున్న నా స్టూడియో షట్టరు ఎత్తీ ఎత్తకముందే ఒకాయన వచ్చి, చనిపోయిన వాళ్ళ నాన్న ఫొటో పెద్దకర్మకు పెద్దది చేసివ్వమని ఫోను నా చేతిలో పెట్టాడు. చూస్తే ఏముంది, ఏదో యాప్‌లో వేలితో నొక్కి పెళ్ళి గుంపులోంచి ఆ ముసలాయన్ను కత్తిరించేశాడు, ఎడమ చెవి సగం లేదు, తలపాగా అంచు ఎలుక కొరికినట్టుంది. అసలు ఫొటో ఏదయ్యా అంటే దానిమీదే సేవ్ చేశానన్నాడు, అదేదో ఘనకార్యమైనట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. అరవై దాటినవాణ్ణి, బీపీ మాత్రలు మింగేవాణ్ణి, తొలి గిరాకీ మీద అరవకూడదని తెలిసి కూడా అరిచాను. అందులో సగం నామీద నేను అరుచుకున్నదేనని పాపం ఆయనకెలా తెలుస్తుంది?

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇంటికొక ఫొటో ఉంటే అదే గొప్ప. మనిషి పోయాక వెతికితే దొరికేది ఏ తిరునాళ్ళలోనో రంగుల పరదా ముందు పిల్లాజెల్లాతో కలిసి దిగినదే. దండ వేసే పటంలో బతికున్నవాళ్ళు ఉండకూడదు గనక, పోయినవాళ్ళను ఒంటరిని చేసివ్వడమే మా స్టూడియోకు సగం పని. మా మేనమామ దాన్ని కత్తెరతో చేసేవాడు. ఫొటోను కత్తిరించి, నల్ల కాగితం మీద అతికించి, మళ్ళీ ఫొటో తీసేవాడు. ఆయన చూపు మందగించాక నేను కంప్యూటరు తెచ్చాను.

దాన్ని బిగించడానికి నరసరావుపేట నుంచి వచ్చినాయన రెండు రోజులుండి నాకు పని నేర్పాడు. ఇరేజరు ముట్టుకోవద్దనీ, ముందు ఫొటోకి నకలు తీసి దానికి మాస్క్ తగిలించమనీ, ఆ మాస్క్ మీద నలుపు పూసిన చోట బొమ్మ దాక్కుంటుందే తప్ప పోదనీ, తెలుపు పూస్తే మళ్ళీ వస్తుందనీ చేసి మరీ చూపించాడు. విన్నాను, తలూపాను. కానీ ఆ మిషను అట్లాంటి నకలు పొర, లేయరంటారు, ఒకటి పెరిగితే చాలు బిగుసుకుపోయేది, ఎందుకీ చాదస్తమని ఇరేజరుతో శుభ్రంగా చెరిపేసి ఉన్న ఫైలు మీదే సేవ్ కొట్టేవాణ్ణి. బద్ధకం, దానికి తోడు పొగరు. ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకడం లేదు.

అట్లాంటి రోజుల్లో రెంటచింతల నుంచి ఒక రైతు వాళ్ళమ్మ ఫొటో తెచ్చాడు. అద్దం పగిలింది, అట్టను చెదలు తిన్నాయి. నిండైన మనిషి కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో నాలుగేళ్ళ ఆడపిల్ల, ఆ పిల్ల పొట్ట చుట్టూ తల్లి చేయి. ఆ పిల్ల ఆయన చెల్లెలట, మాచవరంలో కాపురం చేసుకుంటోందట. "బతికున్న పిల్లకు దండేస్తామా ఏంది, తీసెయ్" అన్నాడు. ఫొటోను స్కాన్ చేసి కంప్యూటరులోకి ఎక్కించి, పిల్లను తీసేశాను. చెరిపిన చోట చీర కుచ్చిళ్ళు అతికించి, ఆ చేతిని మోకాలి మీద పెట్టి, ఎవరికీ అనుమానం రాకుండా చేశానని మురిసిపోయాను కూడా. ఆయన నా పనికి తెగ సంబరపడి, పగిలిన పటం ఇంట్లో ఉంచుకోకూడదని పాతదాన్ని తీసుకెళ్ళి కృష్ణలో వదిలేశాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

పెద్దకర్మ అయిన నాలుగో రోజు ఆ చెల్లెలు వచ్చింది. తల్లితో తాను దిగిన ఫొటో అదొక్కటే, పాతది ఏటి పాలైందని అన్న చెప్పాడట, కంప్యూటరులో ఉంటుంది గదా అని బస్సెక్కి వచ్చింది. లేదన్నాను. ఆమె నమ్మలేదు.

"పోనీ తీసేసిన ముక్కన్నా ఇయ్యి తమ్ముడా. మీ మావ కత్తిరించిన ముక్కలు ఎవురియి వాళ్ళకి ఇచ్చేవోడంట గదా. అమ్మ లేకపోయినా పర్లేదు, చెయ్యన్నా ఉంటది."

ముక్క ఉంటే కదా ఇవ్వడానికి! ఇరేజరు కింద ముక్కలు రాలవు. తలుపు పక్కన కూర్చున్న మా మావే చెప్పాడు, లేదమ్మా, మావాడు నాశనం చేశాడని. ఆమె నన్ను తిట్టనైనా తిట్టలేదు, తిట్టి ఉంటే ఈ మంట కొంతైనా చల్లారేదేమో. ఆమె మెట్లు దిగాక మావ నా వైపు తిరిగి, "కత్తెరకున్న బుద్ధి నీ మిషనుకు లేదేందిరా" అన్నాడు. మిషనుకు ఉంది, లేనిది నాకు.

ఆ రోజు నుంచి ఇరేజరు ముట్టుకోలేదు. వచ్చిన ప్రతి ఫొటో అసలును అసలుగానే దాచాను, ఎవరిని తీసినా మాస్క్ చాటునే ఉంచాను. నా డిస్కుల నిండా చనిపోయినవాళ్ళ పక్కనుంచి తప్పించిన కూతుళ్ళు, మనవళ్ళు, భుజాల మీది చేతులు ఉన్నాయి, ఏ ఒక్కరు అడిగినా నిమిషంలో తెచ్చి చూపించగలను. కానీ ఎవరడుగుతారు? ఇప్పుడు చేతిలో ఫోనుంది, అందులో లెక్కలేనన్ని ఫొటోలున్నాయి, ఒకటి పోతే ఇంకొకటి. ఇన్నేళ్ళలో తీసేసిన ముక్క కావాలని నా గుమ్మం ఎక్కిన మనిషి ఒక్కతే, ఆమెకే నేను ఇవ్వలేకపోయాను.